నల్లరంగు కొనకు

మొదటిరోజే మాస్టారు నా పెట్టెలోంచి
నల్లరంగు ట్యూబు తీసి జేబులో వేసుకున్నారు.
"రాత్రి నల్లగా ఉంటుందని నీకెవరు చెప్పారు?"

తిరిగివ్వలేదు. మూడేళ్ళయింది.

రాయపురంలో మూతబడ్డ ప్రెస్సు, దాని మేడమీద గది.
ఒకప్పుడు సినిమా బ్యానర్లు రాసిన చెయ్యి ఆయనది.
మంచమంత కన్నుని ఒక్క పూటలో దించేవారట,
ఇప్పుడు టీ గ్లాసు ఎత్తాలన్నా రెండు చేతులూ కావాలి.
పేరు గజపతి. తమిళంలో తిట్టి, తెలుగులో నేర్పుతారు.

"అల్ట్రామెరీన్ నీలంలోకి బర్న్ట్ సియెన్నా కలుపు.
నీలం ఎక్కువైతే సముద్రం వైపు చీకటి,
మట్టి ఎక్కువైతే ఊరి వైపు చీకటి.
మనిషి నిలబడేది ఆ రెంటికీ మధ్య."

పగలు పెరంబూరు వర్క్‌షాపులో
రైలుపెట్టెలకి స్ప్రే కొడతాను నేను.
అక్కడ రంగంటే ఒక నంబరు, గంటలో ఆరాలి.
ఇక్కడ కార్తీకమాసపు ముసురుకి
నూనెరంగు పదిరోజులైనా వేలికంటుతుంది.
"ఆరనీరా, నీకేం బండి వెళ్ళిపోతోందా?"

తెల్లవారుజాము మూడింటికి కాశిమేడు.
లాంచీలు ఒకదాని భుజం ఒకటి రాసుకుంటూ వస్తాయి.
వేలంపాట, తిట్లు, డీజిలు వాసన,
స్కెచ్చు పుస్తకం మీద ఉప్పునీళ్ళు.
"కళ్ళు సగం మూయి" అంటారు పక్కనుంచి.
మూస్తే మనుషులు పోయి ముద్దలు మిగిలాయి.
"ఏ ముద్ద కదిలితే నీకు ఊపిరాగిందో
దీపం దానికే ఇవ్వు.
మిగతావాళ్ళని చీకట్లో ఉండనీ,
వాళ్ళకది కొత్తేం కాదు."

నాకు ఊపిరాగింది దేసమ్మ దగ్గర.
వంజరాన్ని కాలికింది కత్తిపీటకి ఆనించి
మెడ వంచిన తీరు దగ్గర.

రెండు నెలలు వేశాను.
ముక్కుపుడక, కంటిరెప్ప, చేప పొలుసు పొలుసూ.
గజపతిగారు చూశారు. కత్తి తీసుకున్నారు.
వణికే చెయ్యి ఆ ఒక్క క్షణం వణకలేదు.
మొహం మొత్తం ఒక్క గీకుకి పోయింది.
"ఇది రాత్రి కాదు.
కరెంటు పోయిన పగలు."

నాలుగు ఆదివారాలు వెళ్ళలేదు.
ఐదో ఆదివారం మంచంకింద నుంచి కాన్వాసు లాగితే
గీకిన చోట గోధుమరంగు మరక.
మరకలో వంగిన మెడ.
కళ్ళూ ముక్కూ లేవు గానీ, ఆవిడే.

దుప్పటి అంటకుండా అట్టపెట్టెలో పెట్టుకుని
స్కూటరు మీద రేవుకి తీసుకెళ్ళాను.
చీర కుచ్చిళ్ళకి చేతులు తుడుచుకుని
దేసమ్మ చాలాసేపు చూసింది.
మొహం ఏదని అడగలేదు.
"బల్బు సరే, పైన పెట్టావు.
గడ్డం కింద నల్లగా వదిలేశావేం?
వెలుగు ఐసులోంచి గదా వచ్చేది.
ముప్పై ఏళ్ళుగా నా మొహాన పడేది అదే."
ఇక్కడ, అంటూ పచ్చిరంగు మీద బొటనవేలు పెట్టేసింది.

కళ్ళు సగం మూశాను.
నిజమే. బల్బు వెలుగు ఐసు గుట్టమీద పడి,
అక్కణ్ణుంచి లేచి
మోచేతికి, గడ్డానికి, కోసిన చేప కడుపులోకి
చల్లగా పాకుతోంది.
మూడేళ్ళు అక్కడే కూచుని నేను చూడనిది.

మాస్టారికి చెప్పాను.
టీ మీద మీగడ కట్టింది.
"నా బొమ్మలన్నిటికీ వెలుగు పైనుంచే వేశాను"
అన్నారు, నాతో కాదు.

తెలుపులో సూదిమొనంత పచ్చ కలిపి
గడ్డం కింద ఒక్క గీత.
ఆవిడ వేలిముద్రలో ఒక పొలుసు అతుక్కుని ఉంది.
పీకబోతే నా మణికట్టు పట్టుకున్నారు.
ఉండనిమ్మని, తన వేలు కూడా
పక్కనే ఒకసారి ఆనించి చూసుకున్నారు.

ఇంకా ఆరలేదు.